వాడుకలో ఉంది

గురువారం. సోహార్‌ల ఇసుక గాలి లేచింది.
పోర్టాక్యాబిన్ కిటికీ రబ్బరు సందులకెల్లి
సన్నగ కీబోర్డు మీద రాలుతున్నది.
కురియన్ సార్ హెల్మెట్ తీయకుండనే చెప్పిండు:
"ఆ పాత ఓవర్‌టైం ఫైలు తీసెయ్.
ఆదివారం లేబర్ ఆఫీసు నుంచి వస్తున్నరు."

తీసుడెంత పని?
కుడి బటన్, డిలీట్, అవును.
తెర నడుమ చిన్న డబ్బా లేచింది:
ఈ ఫైలు ఇంకోచోట తెరిచి ఉన్నది,
మూసి మళ్లీ ప్రయత్నించండి.

నా దగ్గరైతే తెరిచి లేదు.
మెయిల్ మూసిన. లెక్కల షీట్లన్నీ మూసిన.
మా మరదలి పెండ్లి ఫొటోలు మూసిన.
టాస్క్ మేనేజర్‌ల కనపడ్డదాన్నల్లా
పేరు పేరున గొంతు పిసికిన.
మళ్లీ అదే డబ్బా. అదే మర్యాద.

రీస్టార్ట్ చేసిన.
ఇక్కడ అన్ని రోగాలకు అదొక్కటే మందు,
ఏసీకి, రౌటర్‌కు, ఫోర్క్‌లిఫ్ట్‌కు,
నైట్ డ్యూటీ దిగిన మనిషికి.
పేరు మార్చ చూసిన, ఒప్పుకోలేదు.
వేరే ఫోల్డర్‌లకు జరప చూసిన, కదల్లేదు.
నల్ల తెర తెరిచి
కోరుట్లల ఆరు నెల్లు ఫీజు కట్టి నేర్సుకున్న
కమాండ్లన్నీ కొట్టిన.
యాజమాన్యం నా పేరు మీదికి మార్చబోతే
అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలన్నది.
ఆ మాట నాకు కొత్తగాదు.
నా పాస్‌పోర్టు ఆయన సొరుగులనే ఉంటది.

గింత మొండిదాని కడుపుల ఏమున్నదో సూద్దామని
అప్పుడు, మొదటిసారి, తెరిచిన.
చదవడానికి మాత్రమే, అన్నది.
రెండువందల పదకొండు మంది.
ట్యాంకు లోపల పెయింటింగు, జూన్ నుంచి ఆగస్టు.
బీర్ బహదూర్ థాపా, నాలుగు గంటలు, నాలుగు, అయిదు.
రఫీకుల్ మియా, నాలుగు, నాలుగు, నాలుగు.
చెల్లించినది అనే గడి
కిందిదాక తెల్లగ, కడిగిన పళ్లెం లెక్క.
ఆకుల రాజలింగం వరుస
ఆగస్టు పదహారు కాడ ఆగింది.
ఆ రోజు మాత్రం ఏడు గంటలు ఎక్కువ చేసిండు.

తెర కింద ఇంకో ముక్క రాసి ఉంది, నేనే చూడలేదు:
వాడుతున్నవారు, స్టోర్-2.

స్టోర్-2 అంటే క్యాంపు ఎనక వెల్డింగ్ రాడ్ల గది.
ముక్కుకు దస్తీ కట్టుకొని పోయిన.
పోశన్న కూసున్నడు,
కండ్లద్దాల విరిగిన కాడకు కేబుల్ టై,
ఒక వేలు తెర మీద, ఒక చేతిల పెన్ను.
సేఫ్టీ బూట్ల రిజిస్టర్ ఎనక పేజీలల్ల
ఒక్కొక్క గంటను దించుకుంటున్నడు.
నన్ను చూసి దాచలేదు.
"ప్రింటర్‌ల సిరా లేదు బిడ్డా," అన్నడు,
"నూటనలభై ఆరు మందైన్రు."

మూసెయ్యే పోశన్నా, నా నౌకరీ పోతదని
చెప్పుదామనే వచ్చిన.
నోట్లెకెల్లి వేరే మాట వచ్చింది:
"రాజలింగందైందా?"
"అందరికన్న ముందుగాల."
మళ్లీ తల వంచి రాసుకున్నడు.
ఆయన ఎనిమిది, సున్నా కొంచెం ఒక్క తీర్గనే ఉంటయి.
ఆ మాట చెప్పిన. సరిచేసుకున్నడు.

నా బల్ల కింద, కాళ్లకు తగిలేటట్టు,
స్విచ్ డబ్బా ఉంటది.
ఏడో నంబరు తీగ స్టోర్-2 కు పోతది.
ఒక్కసారి గుంజితే ఫైలు నా చేతికి వస్తది,
ఈ ఉపాయం ఏ ఇన్‌స్టిట్యూట్‌లనూ చెప్పరు.
వంగి చూసిన.
ఏడో దీపం పచ్చగ కొట్టుకుంటున్నది.

ఫోన్ మోగింది. "పోయిందా?"
"పోతలేదు సార్. వాడుకలో ఉందట."
"ఎవరి వాడుకల?"
గాలి చప్పుడుకు విననట్టు చేసిన.
"ఇంకెంతసేపు?"

ఇంకా అరవై అయిదు మందున్నరు.
పోశన్న రాత నెమ్మది.
"చెప్పలేను సార్," అన్న,
తీగకు తగలకుండ
కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్న.